కోదాడ మాస్టారి ముక్కు

నర్సు ట్రైనింగులో ఉన్న పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "అమ్మమ్మా, నీ నౌకరీలో మర్చిపోలేని కేసు ఏది?" కలరా సంగతో, తుపాకి గుండు దిగిన మనిషి సంగతో చెబుతానని వాళ్ల ఆశ. అవీ చూశాను. కానీ నేను చెప్పేది ఒక ముక్కు సంగతి. వాళ్లు నవ్వుతారు. కడుపుబ్బా నవ్వనిచ్చి, కూర్చోబెట్టి చెబుతాను. ఎందుకంటే ఆ ముక్కు పుణ్యమా అని నేను మొదటిసారి పెద్దల ముందు నోరు విప్పాను. తర్వాత మూయమని చాలామంది చెప్పారు. వినలేదు.

నిజాం రాజ్యంలోకి యూనియన్ మిలటరీ వచ్చిన మరుసటి ఏడు అది. నేను సూర్యాపేటలో ఒక చిన్న సర్కారు దవాఖానలో నర్సును. బెజవాడ రోడ్డు పక్కనే పెంకుల కప్పు, ముందొక వసారా, లోపల కొన్ని పడకలు. మిలటరీ లారీ పోయినప్పుడల్లా అలమారాలో మందు సీసాలు గలగలలాడేవి. డాక్టరుగారు హైదరాబాదు మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో ఉర్దూ కలిసిన తెలుగు. చేతివాటం గొప్పది గానీ కోపం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆయన తర్వాత మా దవాఖానలో గట్టి గొంతు ఊడ్చి తుడిచే ఆయమ్మది. నిడమనూరు నుంచి వచ్చిన ముసలామె. రోగులు డాక్టరు కంటే ఆమెకే ఎక్కువ భయపడేవాళ్లు.

ఒక పొద్దున వసారా నిండా జనం కూర్చుని ఉన్నారు. ఉన్నట్టుండి అందరూ పక్కకు జరిగారు. ఆ ఖాళీలో ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. తెల్లటి ధోవతి, మెడ దాకా గుండీలు పెట్టిన కోటు, చేతిలో గొడుగు. ముఖం మధ్యలో మాత్రం ముక్కు ఉండవలసిన చోట పండిన సీతాఫలం లాంటిది ఉంది. గడ్డలు గడ్డలుగా, వంకాయ రంగుకు తిరిగి, కొన పై పెదవి మీదికి వాలిపోయింది. వెనకాల ఆయన భార్య తువ్వాలు పట్టుకుని బతిమాలుతున్నది.

"జర కప్పుకో అయ్యా. అందరూ చూస్తున్నరు."

"చూడనియ్యి. దొంగతనం చేసి తెచ్చుకున్నది కాదుగా," అన్నాడాయన.

కుష్ఠు అనుకుని ఆయమ్మ చీపురు పట్టుకునే ఎదురెళ్లింది. "ఓ పెద్దాయనా, గీడ పెద్దరోగానికి వార్డు లేదు. గా చెట్టు కింద కూసో. డాక్టర్ సాబే గాడికి వస్తడు."

"పెద్దరోగమో చిన్నరోగమో డాక్టరుగారు చెప్పాలమ్మా. నువ్వే చెప్పేస్తే ఆయన జీతం దండగైపోద్ది."

వసారాలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ఆయన వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. బల్ల మీదున్నవాళ్లు లేచిపోయారు. అంత పొడుగు బల్ల మీద ఒక్కడే, వీపు నిటారుగా పెట్టుకుని, వంతు వచ్చేదాకా కూర్చున్నాడు.

లోపలికి రాగానే డాక్టరుగారు తలెత్తి చూసి, "ఎన్నేండ్ల నుంచి తాగుతున్నవ్?" అని అడిగారు.

ఆయన కూర్చోబోయినవాడల్లా లేచాడు. "నమస్తే డాక్టరుగారూ. వెళ్లొస్తాను."

"అరె, ఎందుకు?"

"మిర్యాలగూడలో ఒక వైద్యుడూ ఇదే మాట అడిగాడండి. మానేసి రమ్మన్నాడు. తాగనివాణ్ణి ఏం మానేది? మానానని అబద్ధం చెప్పి ఆయన చేత ఏదో చుర్రుమనే మందు పూయించుకున్నాను. ఇదిగో మచ్చ. అబద్ధానికి ఫలితం అదే మిగిలింది, ముక్కు అలాగే ఉంది. ఇంకోసారి ఆ అబద్ధం చెప్పలేను."

డాక్టరుగారు తన కాలితోనే స్టూలు ముందుకు తోశారు. "బైఠో సాబ్. గలతీ అయింది. మళ్లా మొదటి నుంచి అడుగుత."

అప్పుడు తెలిసింది ఆయనెవరో. కోదాడలో మిషను బడి మాస్టారు. వయసులో ఉన్నప్పుడే ఎండలో నడిచినా, వేడి చాయ తాగినా బుగ్గలూ ముక్కూ ఎర్రగా కందిపోయేవట. ఏళ్లు గడిచేకొద్దీ ముక్కు చర్మం మందమై, ఉబ్బి, గడ్డలు కట్టింది. ఇప్పుడు పడుకుంటే ఊపిరాడదు. నోరు తెరుచుకుని నిద్రపోవాలి. గ్లాసు ఎత్తితే ముక్కు నీళ్లలో మునుగుతుంది గనక నీళ్లు కూడా చెంచాతో తాగాలి. కల్లుచుక్క ముట్టిన మనిషి కాడు. పైగా కల్లు కాంపౌండు ముందు నిలబడి, తాగొద్దని కూలివాళ్లకు చెప్పే అలవాటొకటి.

"వింటారా?" అని అడిగారు డాక్టరుగారు.

"ముందు నీ ముక్కుకు చెప్పు సారూ అంటారండి," అని మాస్టారు తనే నవ్వాడు.

డాక్టరుగారు ఆయన్ని కళ్లు మూసుకోమని, దూదిపోచతో ఒక చోట, గుండుసూది మొనతో ఇంకో చోట తాకించారు. ఎక్కడ తగిలిందో మాస్టారు తడుముకోకుండా చెప్పాడు. చెవి వెనకా మోచేతి దగ్గరా నరాలు నొక్కి చూశారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, ముక్కు కొన రెండు వేళ్లతో అదిమారు. చర్మం రంధ్రాల్లోంచి తెల్లటి పదార్థం, జున్ను ముక్కల్లాంటిది, పైకి వచ్చింది. వాసన కూడా వచ్చింది.

"చూడు సిస్టర్. పెద్దరోగమైతే స్పర్శ పోతది, ముక్కు లోపటికి కుంగుతది. ఇది పెరుగుతున్నది. దీని పేరు రైనోఫైమా. చర్మంల నూనె ఊరే గ్రంథులుంటయ్ గద, అవి ఉబ్బినయ్, అంతే. అంటుకోదు. తాగేటోనికీ వస్తది, తాగనోనికీ వస్తది. తాగితే మొఖం ఎర్రబడ్తది గనక దునియా రెంటినీ ఒకటే అనుకున్నది."

"మందు ఉందాండీ?" అని మాస్టారి భార్య అడిగింది.

"మందుతోని పోదమ్మా. చెక్కాలె. వడ్రంగి కట్టెను చెక్కినట్టు పైపైన చెక్కితే, కింద మళ్లా చర్మం వస్తది."

ఆమె చేతులు జోడించింది. "ఇయ్యాలే చెయ్యండి బాబూ. ఆదివారం లోపట అయిపోవాలె."

ఆదివారం ఏముందని నేను అడిగాను. ఆమె చెప్పింది. మాస్టారు తాగుతున్నాడని మిషను మందిరం పెద్దలకు ఫిర్యాదు పోయింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక విచారణ. తప్పు తేలితే బడి పోతుంది, ప్రభువు బల్లకు దూరం పెడతారు, మందిరంలో అందరితో కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకోనివ్వరు. ముఖానికి కట్టు ఉంటే పెద్దలు జాలిపడి వాయిదా వేస్తారని ఆమె ఆలోచన. ఈలోగా ముక్కు బాగైతే ఇక మాటే ఉండదు.

డాక్టరుగారికీ అది బాగానే తోచింది. "రేపే చేస్త," అన్నారు.

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "సోమవారం చెయ్యండి డాక్టరుగారూ."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. భార్య ఏడుపు అందుకుంది. గుమ్మంలో నిలబడ్డ ఆయమ్మ, "గిదేం పంతం సారూ? ఇంటికి నిప్పంటుకుంటే వారం చూసుకుంటవా?" అంది.

"ముక్కు చెక్కించుకుని వెళ్తే వాళ్లు ఒప్పుకుంటారమ్మా," అన్నాడు మాస్టారు. "కానీ దేన్ని ఒప్పుకుంటారు? నున్నటి ముక్కును ఒప్పుకుంటారు. నేను నిజం చెప్పానని కాదు. రేపు నాలాంటి ముక్కుతో ఇంకొకడు వస్తే వాణ్ణీ తాగుబోతంటారు. ఈ ముక్కుతో ఉన్నప్పుడే నా మాట నమ్మాలి."

"నీ ముక్కు, నీ ఇష్టం," అని డాక్టరుగారు విసుక్కున్నారు. అయినా ఆ విసుగులో మర్యాద ఉంది. ఈ జబ్బు సంగతి చెబుతూ ఒక చీటీ రాసిస్తానన్నారు. మాస్టారు వద్దన్నాడు. "చీటీని మడిచి జేబులో పెట్టుకుంటారండి. మనిషిని మడవలేరు. మీరే ఒక్కసారి వస్తే..."

డాక్టరుగారు కిటికీ వైపు చూశారు. రోడ్డు మీద మిలటరీ లారీ ఒకటి పోతున్నది. "ఈ దినాలల్ల నేను మా మసీదు పెద్దల దగ్గరికి కూడ పోతలేను మాస్టర్ సాబ్. మీ మందిరం పంచాయతీకి వచ్చి ఏం మాట్లాడుత? ఎవరు ఇంటరు?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు; మిలటరీ వచ్చాక ముసల్మానులు నలుగురిలోకి రావడానికే జంకే రోజులవి. అప్పుడు నేను, "నేను వెళ్తాను," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆ పెద్దలంతా నాకు తెలిసినవాళ్లే. నేను వాళ్ల మిషను బోర్డింగులో పెరిగిన పిల్లను. నర్సు ట్రైనింగుకు నన్ను పంపించమని చెప్పింది కూడా వాళ్లే. వాళ్ల ముందు అప్పటిదాకా నేను "వందనాలు" అని తప్ప ఇంకో మాట మాట్లాడి ఎరగను.

ఆదివారం కోదాడ మందిరంలో ఆరాధన అయ్యాక పక్కనున్న బడి గదిలో పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్లు గోడవారగా చాపల మీద. పాస్టరుగారు మెత్తటి మనిషి, గొడవంటే పడదు. అసలు మాట అందరూ పెద్దయ్య అని పిలిచే సంఘపెద్దది. రైసు మిల్లులో ధాన్యం కాంటా దగ్గర పనిచేసేవాడు, తూకంలో గింజ తేడా రానివ్వడని పేరు. తాగుడన్నా అబద్ధమన్నా మండిపడేవాడు. ఆయన మాటకు గదిలో ఎవరూ ఎదురు చెప్పరు.

పాస్టరుగారు మొదలుపెట్టారు. "మాస్టారూ, ఎందుకండీ ఇదంతా? ఏదైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించమని ఒక్క మాట అనండి. వైద్యం చేయించుకోండి. మళ్లీ బడికి రండి. అందరం సంతోషిస్తాం."

"ఏ పొరపాటండీ?"

"ఏదైనా."

"ఏదైనా అంటే చాలా చేశానండి. పిల్లల్ని కొట్టాను, ఇంట్లో చిరాకు పడ్డాను. వాటికి క్షమాపణ అడుగుతాను. తాగలేదు. దానికి అడగను."

పెద్దయ్య గొంతు లేచింది. "ఊరంత అబద్ధం చెప్తున్నదా? నీ మొఖమే చెప్తలేదా?"

నేను లేచాను. డాక్టరుగారు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఇది తాగుడు వల్ల వచ్చిందని ముఖం చూసి ఎవరూ తేల్చలేరని, ఇది పెద్దరోగం కాదని, అంటుకోదని.

"డాక్టరువా నువ్వు?" అన్నాడు పెద్దయ్య.

"కాదు. డాక్టరు చెప్పింది విన్నదాన్ని."

"నిన్ను చదివించింది ఈ మందిరం బిడ్డా. యాదుందా?"

"ఉంది పెద్దయ్యా. అబద్ధం సాక్ష్యం చెప్పొద్దని నేర్పింది కూడా ఈ మందిరమే. అదీ యాదుంది."

నేను అంతటితో ఆగలేదు. మాస్టారి దగ్గరికి వెళ్లి, అందరూ చూస్తుండగా ఆ ముక్కును నా చేత్తో పట్టుకున్నాను. "అంటుకోదని ఊరికే చెప్పడం లేదు. మీరూ వచ్చి ముట్టుకోండి," అన్నాను. ఒక్కరూ కదలలేదు. మాస్టారు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. వసారాలో అందరూ లేచిపోయినప్పుడు కూడా వంచని తలను ఆయన అప్పుడు కొంచెం వంచాడు.

ఆ తర్వాత జరిగింది నేను అనుకోలేదు. గోడవార నుంచి మాస్టారి భార్య లేచింది. ముఖం కప్పుకొమ్మని బతిమాలిన ఆమే. ఆ గదిలో పెద్దలు మాట్లాడుతుంటే ఆ ఊరి ఆడవాళ్లు లేవడం అన్నది లేదు.

"ఇన్నేండ్ల సంది ఆయన పక్కన పండుకునేదాన్ని నేను. కల్లు వాసన వస్తే ముందు నాకు రావాలె గద? నన్నెవరన్న అడిగిండ్రా?" అంది. అంతే. కూర్చుంది.

గెలిచామని చెప్పాలని ఉంది. గెలవలేదు. పెద్దలు గుసగుసలాడుకున్నారు. ముక్కు సంగతి తేలేదాకా మాస్టారు బడికి రాకూడదని, ప్రభువు బల్లకు దూరంగా ఉండాలని పెద్దయ్య ప్రకటించాడు.

"ముక్కు సంగతి రేపు తేలుతుంది," అన్నాడు మాస్టారు. "నా సంగతి ఇవాళ తేల్చండి."

ఆయన గొడుగు చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. మర్నాడు పొద్దున్నే భార్యతో సూర్యాపేట బస్సు దిగాడు.

ఆ రోజుల్లో మా దవాఖానలో ఆపరేషను గదంటే ఒక బల్ల, ఒక పెద్ద కిటికీ. వెలుతురు బాగా ఉన్నప్పుడే పని. మత్తు సూది ముక్కు చుట్టూ వేస్తుంటే కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి గానీ మాస్టారు కదలలేదు. డాక్టరుగారు ఎడమ చేతి వేలు ముక్కు రంధ్రంలో పెట్టి, లోపలి నుంచి మందం తెలుసుకుంటూ, కుడిచేత్తో పదునైన కత్తితో పొర తర్వాత పొర చెక్కారు. మరీ లోతుకు పోకూడదు. గ్రంథుల అడుగు భాగం మిగిలితేనే దానిలోంచి కొత్త చర్మం పుడుతుంది. అంతా తీసేస్తే పుండు మానదు. రక్తం ఊట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. వేడి ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డతో నేను అదిమిపట్టడం, ఆయన చెక్కడం, మళ్లీ నేను అదమడం.

ఎడమవైపు ఒక చోట డాక్టరుగారి చెయ్యి ఆగింది. ఉర్దూలో తనను తాను తిట్టుకున్నారు. అక్కడ కత్తి ఒక పొర ఎక్కువ దిగింది. కాసేపు అదిమి పట్టమని, దాని జోలికి మళ్లీ పోకుండా మిగతాది ముగించారు. వాజిలిన్ గుడ్డ పరిచి కట్టు కడుతుంటే కట్టు కింది నుంచి మాస్టారి గొంతు వినిపించింది. "డాక్టరుగారూ, గంట కొట్టారా?"

"కొట్టినం సాబ్. బడి అయిపోయింది. కాని ఒక మాట చెప్పాలె. ఎడమ దిక్కు నాది చెయ్యి తప్పింది. జర సొట్ట పడ్తది."

"పడనివ్వండి. నేరుగా చెప్పారు, చాలు," అన్నాడు మాస్టారు.

పిల్లలూ, చెయ్యి తప్పిందని అడగకుండానే చెప్పిన డాక్టర్లను తర్వాత నేను ఎక్కువమందిని చూడలేదు.

కట్లు మార్చేకొద్దీ పక్కులు రాలి, కింద గులాబీ రంగు చర్మం కనిపించసాగింది. ఆయమ్మ ఆయనకు చల్లార్చిన అంబలి తెచ్చి పెట్టేది. పక్క పడకల వాళ్లు ముఖం తిప్పుకుంటే, "ఏందిరా గట్ల సూస్తున్నవ్? అది అంటుకునేది కాదు. రైనో... ఏదో ఉంది తీయ్, నాకు తెల్సు!" అని కసిరేది. మొదటిసారి గ్లాసెత్తి గటగటా నీళ్లు తాగిన రోజు మాస్టారు ఖాళీ గ్లాసును చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. అద్దం తెచ్చిస్తే భార్య ముందు నవ్వింది. "పెండ్లినాటి ముక్కు కాదు గని, పర్వాలేదు," అంది.

డిశ్చార్జికి ముందు ఒక మధ్యాహ్నం పెద్దయ్య వచ్చాడు. పడక దగ్గర నిలబడి ఆ ముక్కును చూసి ఆశ్చర్యపోయాడు. "మంచిగైంది. ఇగ ఫికర్ లేదు. వచ్చి బళ్లె చేరు. అందరం అనుకున్నం," అన్నాడు.

మాస్టారు లేచి కూర్చున్నాడు. "మారింది ముక్కు పెద్దయ్యా. నేను కాదు. ఆ రోజు తాగుబోతునైతే ఇవాళా తాగుబోతునే. ఇవాళ కాకపోతే ఆ రోజూ కాదు. రెంట్లో ఏదో నలుగురి ముందు చెప్పండి, వస్తాను. చెప్పకపోతే ఈ ముక్కుతో కూలికి పోతాను గానీ ఆ బడి మెట్టెక్కను."

పెద్దయ్య బయటికి వెళ్లి వసారాలో బల్ల మీద కూర్చున్నాడు. వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. కొంతసేపటికి నన్ను పిలిచాడు.

"ఒక మాట అడుగుత. నిజం చెప్పు. తాగకుంట కూడ గిది వస్తదా? నిక్కంగ వస్తదా?"

"వస్తుంది పెద్దయ్యా."

ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మా నాయనకు ఉండె. గిట్లనే. సాటుకు తాగుతడని ఊరంత అనేటోళ్లు. తాగలేదు బిడ్డా అని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు. నేను ఇన్లే. పెండ్లాం పిల్లలు చెడుతరని ఆయనను గొడ్ల కొట్టంల ఉంచిన. బువ్వ గాడికే పంపిన. గాడ్నే పాణం పోయింది." నా వైపు తిరిగి అడిగాడు. "ఆయన తాగిండా, తాగలేదా?"

తాగే ఉంటాడని చెప్పి ఆయన మనసు తేలిక చేయవచ్చు. లేదా తాగలేదని చెప్పి, ఆ గదిలో నన్ను నిలదీసిన కోపం తీర్చుకోవచ్చు. రెండూ చేయలేదు. "నాకు తెలియదు పెద్దయ్యా. ముక్కును చూసి మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆయన మాట ఒక్కటే ఉంది," అన్నాను.

ఆయన తల ఊపి, తలపాగా చుట్టుకుని, లేచి వెళ్లిపోయాడు.

వచ్చిన ఆదివారం నేను కోదాడ వెళ్లాను. మాస్టారు అన్నిటికంటే వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ప్రభువు బల్ల సిద్ధం చేస్తున్నప్పుడు పెద్దయ్య లేచి, జనం వైపు తిరిగి నిలబడ్డాడు.

"మాస్టరు తాగలేదు. తాగిండని అన్నది నేను. అప్పుడు కూడ తాగలేదు, గా ముక్కు ఉన్నప్పుడు కూడ." అక్కడితో కూర్చోలేదు. "మా నాయన సుత తాగలేదని చెప్పిండు. ఇనలేదు. ఆయనకు చెప్పుకునే దారి నాకు లేదు. ఈయనకు చెప్తున్న."

మాస్టారు వెనక నుంచి నడిచి వచ్చి, పెద్దయ్య పక్కనే బల్ల ముందు మోకరించాడు. ఇద్దరూ కలిసే రొట్టే ద్రాక్షరసమూ తీసుకున్నారు. సోమవారం మాస్టారు మళ్లీ బడికి వెళ్లాడు.

నా సంగతి అంత చక్కగా ముగియలేదు. సర్కారు జీతం తినే నర్సు మందిరం పంచాయతీల్లో దూరి, పరాయి మగవాడి ముక్కు పట్టుకుని ప్రసంగాలు చేస్తున్నదని ఎవరో పైవాళ్లకు చేరవేశారు. పిలిచి మందలించారు. ఇకపైన ఇలాంటివి చేయనని చెప్పమన్నారు. జబ్బు గురించి అడిగినవాళ్లకు అడిగిన చోట చెబుతానని చెప్పాను. మిర్యాలగూడకు బదిలీ చేశారు.

డాక్టరుగారు చాలా బాధపడ్డారు. తనవల్లే జరిగిందన్నారు. ఆయమ్మ నా పెట్టె మోసుకుని బస్సు దాకా వచ్చి, "ఇగనన్న నోరు జర భద్రం బిడ్డా," అంది.

"భద్రంగానే తీసుకెళ్తున్నా," అన్నాను. మిర్యాలగూడలోనూ రోగులుంటారు, పెద్దలూ ఉంటారు. అక్కడ ఈ నోటితో పని పడకుండా ఉంటుందా?